కిటికీ, కాగడా: చంద్రగిరి నుంచి చూసిన ఐరోపా చిత్రకళ

చంద్రగిరి కోటకు వెళ్ళినవాళ్ళు రాజమహల్ కమానుల వరస ముందు నిలబడి ఫోన్‌తో ఫొటో తీసుకోకుండా రారు. ఆ ఫొటోను ఒకసారి నిదానంగా చూడండి. దగ్గరున్న కమాను పెద్దదిగా ఉంటుంది. దాని వెనకది కాస్త చిన్నది. ఆ వెనకది ఇంకా చిన్నది. కట్టినవాళ్ళు వాటిని ఒకే ఎత్తులో కట్టారు. అయినా మన కన్ను వాటిని చిన్నవవుతున్నట్టు చూస్తుంది, ఫోన్ కూడా అలాగే పట్టుకుంటుంది. ఇందులో వింతేమీ లేదనిపిస్తుంది. కానీ చదునైన పలక మీద మనిషి చేత్తో ఇలా లెక్క ప్రకారం గీయడం ప్రపంచ చిత్రకళలో చాలా ఆలస్యంగా వచ్చిన విద్య. ఇటలీలో అది 15వ శతాబ్దంలో పట్టుబడింది. అక్కడి నుంచి దాదాపు 200 ఏళ్ళకు ఆ విద్య తెలిసిన చిత్రకారులు ఇదే చంద్రగిరి రాజు కొలువులో కుంచె పట్టారు.

ఆ రాజు ఆరవీటి వంశానికి చెందిన వెంకటపతి రాయలు. 1586 నుంచి 1614 దాకా ఏలాడు. తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధాని పెనుకొండకు, అక్కడి నుంచి ఈయన కాలంలో చంద్రగిరికి మారింది. 1598లో మైలాపూరు పక్కన ఉన్న శాన్‌థోమ్ నుంచి జెస్యూట్ పాదిరీలు (రోమన్ కాథలిక్ మతంలో ఏసు సభ అనే సంఘానికి చెందిన గురువులు) చంద్రగిరికి వచ్చి రాజును కలిశారు. రాజు వాళ్ళను ఆదరించాడు. వాళ్ళు తమ పెద్దలకు రాసిన ఉత్తరాల్లో ఆయనకు చిత్రాలంటే ఎంతో ఇష్టమని ఉంది. అందుకే సంఘం వాళ్ళు చిత్రకారులనే పంపారు. మొదట అలెగ్జాండర్ ఫ్రే అనే ఇంగ్లీషువాడు, తర్వాత బర్తొలొమియో ఫొంతెబోనా అనే ఇటలీవాడు వచ్చారు. కొలువు వేలూరుకు మారాక ఆ పని అక్కడా సాగింది. బొంబాయి సెయింట్ జేవియర్స్ కళాశాలలో చరిత్ర చెప్పిన ఫాదర్ హెన్రీ హెరాస్ 1927లో ఆరవీటి వంశ చరిత్రను ఇంగ్లీషులో అచ్చువేశారు. ఈ పాదిరీల ఉత్తరాలను తవ్వితీసి అందులో వివరంగా వాడుకున్నారు.

వాళ్ళు వేసిన బొమ్మలేవీ నేడు చంద్రగిరి గోడల మీద లేవు. అయితే వాళ్ళు వచ్చిన కాలం చాలా ముఖ్యమైనది. అప్పుడు ఐరోపాలో ఒక చిత్రకళా యుగం ముగుస్తూ ఇంకొకటి మొదలవుతోంది. ముగుస్తున్నది రినైజాన్స్ (పునరుజ్జీవనం). మొదలవుతున్నది బరోక్ (కదలికతో, వెలుగు చీకట్లతో చూసేవాణ్ణి కదిలించే శైలి). పాఠ్యపుస్తకాల్లో ఈ రెండు పేర్ల కింద నాలుగేసి లక్షణాలు ఇస్తారు. పిల్లలు వల్లెవేస్తారు. ఆ లక్షణాలు ఎందుకు వచ్చాయో తెలిస్తే వల్లె వేయాల్సిన పనే ఉండదని నా నమ్మకం. మన చుట్టుపక్కల ఉన్న వాటితోనే అర్థం చేసుకోవచ్చు.

ముందు రినైజాన్స్ సంగతి. మళ్ళీ పుట్టడం అని ఆ మాటకు అర్థం. 1550లో జార్జియో వసారి అనే ఇటలీ చిత్రకారుడు కళాకారుల జీవితాలను పుస్తకంగా రాస్తూ ఈ ‘పునర్జన్మ’ అన్న భావాన్ని వాడాడు. ప్రాచీన గ్రీకు, రోమన్ శిల్పుల విద్య వెయ్యేళ్ళు మరుగున పడి తిరిగి పుట్టిందని ఆయన ఉద్దేశం. అది మొదట బలపడింది ఫ్లోరెన్స్ నగరంలో. ఉన్ని బట్టల నేత, వడ్డీ వ్యాపారం ఆ ఊరికి డబ్బు తెచ్చాయి. వర్తక సంఘాలు, మెదిచి వంటి బ్యాంకు కుటుంబాలు గుళ్ళకు, వీధులకు శిల్పాలు చేయించాయి. పాత రోమ్ శిథిలాలు కళ్ళెదుటే ఉన్నాయి. డబ్బు, పోటీ, పాత నమూనా ఒక్కచోట కలిశాయి. బొమ్మ చేసినవాడి పేరు బయటికి రావడం మొదలైంది. మా ఊరి గుడి బొమ్మ మీ ఊరి దానికన్నా బాగుండాలన్న పట్టుదల మన పల్లెలకూ కొత్త కాదు.

ఆ ఊళ్ళోనే ఫిలిప్పో బ్రునెలెస్కి అనే శిల్పి ఉండేవాడు. 1420 నుంచి 1436 దాకా అక్కడి పెద్ద చర్చి గోపురం కట్టినవాడు ఆయనే. 15వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఆయన ఒక ప్రయోగం చేశాడు. చర్చి ఎదుట ఉన్న కట్టడాన్ని చిన్న చెక్క పలక మీద చిత్రించాడు. పలక మధ్యలో ఒక రంధ్రం చేశాడు. చూసేవాడు పలక వెనక నుంచి ఆ రంధ్రానికి కన్ను ఆనించి, రెండో చేత్తో ఎదురుగా అద్దం పట్టుకోవాలి. అద్దంలో బొమ్మ కనబడుతుంది. అద్దం తీసేస్తే అసలు కట్టడం కనబడుతుంది. రెండూ ఒకేలా ఉన్నాయి. కంటికి కనిపించేదాన్ని లెక్కతో పట్టుకోవచ్చని అలా రుజువైంది.

ఈ లెక్క పేరు పర్‌స్పెక్టివ్ (దూరం పెరిగేకొద్దీ వస్తువులు ఒక క్రమంలో చిన్నవయ్యేలా గీసే పద్ధతి). దీన్ని చంద్రగిరి రైల్వే స్టేషన్‌లో చూడొచ్చు. ప్లాట్‌ఫాం చివర నిలబడి పాకాల వైపు పోయే పట్టాలను చూడండి. రెండు పట్టాల మధ్య దూరం ఎక్కడ కొలిచినా 1,676 మిల్లీమీటర్లే. అయినా నేరుగా పోయినంత దూరం అవి దగ్గరవుతూ పోతాయి, చివరికి ఒక చుక్కలో కలుస్తున్నట్టు కనిపిస్తాయి. ఆ చుక్క మీ కంటి ఎత్తులోనే ఉంటుంది. మీరు బల్ల మీద కూర్చుంటే అదీ కిందికి దిగుతుంది. లేస్తే పైకి లేస్తుంది. అంటే ఆ చుక్క లోకంలో ఉన్నది కాదు. చూసేవాడితోపాటు ఉన్నది.

1435లో లియోన్ బత్తిస్తా అల్బర్తి అనే పండితుడు దీన్ని పుస్తకంగా రాశాడు. బొమ్మ అంటే ఒక కిటికీ అనుకోమన్నాడు. దాని గుండా మనం బయటి దృశ్యాన్ని చూస్తున్నాం. ఇంట్లో చేసి చూడండి. కిటికీ అద్దం ముందు నిలబడి, తల కదపకుండా ఒక కన్ను మూసుకుని, బయట కనిపించే చెట్టును, ఎదురింటి గోడను స్కెచ్‌పెన్‌తో అద్దం మీదే గీయండి. మీరు గీసింది సరైన పర్‌స్పెక్టివ్ చిత్రం. తల కదిపారంటే గీత, చెట్టు విడిపోతాయి. రినైజాన్స్ బొమ్మ మనతో పెట్టుకునే షరతు ఇదే. చూసేవాడు ఒకచోట నిలబడాలి. అప్పుడే లోకమంతా అతని కంటి చుట్టూ సర్దుకుంటుంది.

ఈ షరతును అందరికన్నా గొప్పగా వాడుకున్న చిత్రం లియొనార్డో డావిన్సీ ‘కడరా భోజనం’. మిలాన్ నగరంలో ఒక మఠం భోజనశాల గోడ మీద 1495 నుంచి 1498 దాకా వేశాడు. సుమారు 4.6 మీటర్ల ఎత్తు, 8.8 మీటర్ల వెడల్పు. పొడుగాటి బల్ల వెనక ఏసు, అటు ఆరుగురు, ఇటు ఆరుగురు శిష్యులు. “మీలో ఒకడు నన్ను పట్టిస్తాడు” అని ఏసు చెప్పిన మరుక్షణం. శిష్యులు ముగ్గురు ముగ్గురుగా నాలుగు గుంపులై కలవరపడుతున్నారు. మధ్యలో ఏసు ఒక్కడే నెమ్మదిగా ఉన్నాడు. పైకప్పు దూలాల గీతలు, పక్క గోడల గీతలు అన్నీ పొడిగిస్తే ఆయన తల దగ్గరికే వచ్చి కలుస్తాయి. ఆయన కుడి కణత దగ్గర గోడలో ఒక చిన్న మేకు గుంట ఉంది. లియొనార్డో అక్కడ మేకు కొట్టి, దారం కట్టి, నలువైపులా లాగి గీతలు దిద్దుకున్నాడు. మన తాపీమేస్త్రి పునాదికి దారం లాగినట్టే. అంత కలవరంలోనూ మన కన్ను ఏసు ముఖం దాటి పోకపోవడానికి కారణం ఆ మేకు. భక్తిని లెక్కతో నిలబెట్టిన పని అది. ఈ ఒక్క గుంట తెలిస్తే రినైజాన్స్ సగం తెలిసినట్టే అంటాను.

మిగతా సగంలో ముఖ్యమైనది మనిషి ఒళ్ళు. ఎముక ఎక్కడ, కండ ఎక్కడ, బరువు ఏ కాలి మీద పడుతోంది అని ఆ కళాకారులు శవాలను కోసి మరీ చదివారు. మైకెలాంజిలో 1501 నుంచి 1504 దాకా ఒకే పాలరాతి దిమ్మెలో బైబిల్ కథలోని దావీదును చెక్కాడు. ఎత్తు 5.17 మీటర్లు. దావీదు బరువంతా ఒక కాలి మీద వేసి, రెండో కాలు సడలించి నిలబడ్డాడు. ఈ నిలుపును కాంత్రపోస్తో (ఒక కాలి మీద బరువు ఆని నడుము ఒరిగేలా నిలవడం) అంటారు. మన కంచు విగ్రహాల త్రిభంగి చూసినవాళ్ళకు ఇది పరాయిదిగా అనిపించదు. తేడా ఏమిటంటే, మన స్థపతి ఆ వంపును తాళమానం (ముఖం పొడవును ఆధారంగా పెట్టుకున్న శిల్పశాస్త్ర కొలత) నుంచి తీస్తాడు. ఫ్లోరెన్స్ శిల్పి ఎదుట నిలబడ్డ మనిషి నుంచి తీస్తాడు.

రంగులోనూ మార్పు వచ్చింది. గుడ్డు సొనతో కలిపిన పాత రంగు వెంటనే ఆరిపోతుంది. ఒకసారి వేశాక దిద్దడం కష్టం. అవిసె నూనెలో కలిపిన రంగు రోజుల తరబడి తడిగా ఉంటుంది. ఉత్తర ఐరోపాలో యాన్ వాన్ ఐక్ 1430లలోనే దీన్ని అద్భుతంగా వాడాడు. పలచని పొరలు ఒకదాని మీద ఒకటి వేస్తూ నీడను కొద్దికొద్దిగా పెంచవచ్చు. ఇటలీలో లియొనార్డో దీంతో స్ఫుమాతో (అంచులు పొగలో కరిగినట్టు మెత్తగా కలిపేయడం) సాధించాడు. మోనాలిసా నవ్వు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చెప్పలేకపోవడానికి పెదవి చివర గీత లేకపోవడమే కారణం.

గీత అన్నాం కాబట్టి మన గీత దగ్గరికి రావాలి. చంద్రగిరికి తూర్పున శ్రీకాళహస్తిలో కలంకారీ పనివాడు చింతపుల్ల బొగ్గుతో బట్ట మీద ముందు ఆనవాలు గీసుకుంటాడు. తర్వాత వెదురు కలాన్ని కసిమిలో (ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో నానబెట్టి పులియబెట్టిన నల్లరంగు) ముంచి గీస్తాడు. కరక్కాయ, పాలు పట్టించిన బట్ట మీద ఆ గీత నల్లగా తేలుతుంది. ఆ బొమ్మకు ప్రాణం ఆ గీతే. దాన్ని పొగలో కరిగిస్తే బొమ్మే పోతుంది. రంగు గీత లోపల నిండుతుంది, నీడ పడదు.

లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు బొమ్మలదీ ఇదే తీరు. అచ్యుత రాయల కాలంలో, అంటే 1530 ప్రాంతంలో వేసినవి. అదే దశాబ్దంలో రోమ్‌లో మైకెలాంజిలో ‘తుది తీర్పు’ వేస్తున్నాడు. లేపాక్షిలో ముఖాలు చాలావరకు పక్కకు తిరిగి ఉంటాయి. చీరల అంచులు, జడలు, నగలు గుర్తుపట్టేంత నిక్కచ్చిగా ఉంటాయి. దూరం, దగ్గర అన్న లెక్క లేదు. గుడి కట్టించిన విరూపణ్ణ సోదరులు చిన్నగా, దేవుడు పెద్దగా ఉంటారు. చేతకాక ఇలా గీశారని కొందరు పెద్దలు వెనకటికి రాశారు. అది నేను ఒప్పుకోను. పర్‌స్పెక్టివ్ చూసేవాణ్ణి ఒకచోట నిలబెడుతుందని చెప్పుకున్నాం కదా. లేపాక్షి మండపంలో ఎవరూ ఒకచోట నిలబడరు. తల పైకెత్తి నడుస్తూ, పట్టీ వెంట పట్టీ కథ చదువుకుంటూ పోతారు. నడిచే మనిషికి ఒక చుక్కలో కలిసే గీతలు పనికిరావు. ఇక దూరంగా ఉన్నాడని దేవుణ్ణి చిన్నగా గీయడం ఆ భక్తుడి మనసుకు అర్థంలేని మాట.

మన రాజులకు పరాయి మనుషుల బొమ్మల మీద ఆసక్తి వెంకటపతితో మొదలైంది కూడా కాదు. 1520 ప్రాంతంలో హంపీ చూసిన పోర్చుగీసు యాత్రికుడు దొమింగో పాయిస్, కృష్ణదేవరాయల నగరులో ఆయనదీ ఆయన తండ్రిదీ రూపచిత్రాలు ఉన్నాయని రాశాడు. వేరే దేశాలవాళ్ళు, పోర్చుగీసులతో సహా, ఎలా బతుకుతారో గోడల మీద బొమ్మలుగా వేయించి ఉందనీ, రాణివాసం వాళ్ళు లోకం తెలుసుకోవడానికి అలా చేశారనీ చెప్పాడు.

ఇప్పుడు రెండో యుగం. రినైజాన్స్ అంత కుదురుగా ఉంటే బరోక్ ఎందుకు వచ్చింది? దీనికి జవాబు చిత్రశాలల్లో లేదు, చర్చిల్లో ఉంది. 1517లో జర్మనీలో మార్టిన్ లూథర్ రోమన్ చర్చి తీరును ప్రశ్నించాడు. అది రిఫర్మేషన్ (చర్చిని సంస్కరించాలన్న ఉద్యమం) అయింది. ఉత్తర ఐరోపాలో సగం రోమ్‌ను విడిచిపెట్టింది. కొన్నిచోట్ల చర్చిల్లో బొమ్మలు విగ్రహారాధనే అంటూ పగలగొట్టారు. 1527లో చక్రవర్తి సైన్యాలు రోమ్ నగరాన్నే దోచాయి. లోకం కంటి చుట్టూ పొందికగా సర్దుకుని ఉందన్న ధీమా చెదిరింది. ఆ తరువాతి చిత్రకారులు ఒళ్ళు సాగదీసి, రంగులు బిగ్గరగా వేసి, కొంతకాలం తడబడ్డారు. దాన్ని మేనరిజం అంటారు. దాని గురించి ఇక్కడ ఇంతకన్నా అక్కర్లేదు.

రోమన్ చర్చి తన ఇంటిని సర్దుకోవడానికి ట్రెంట్ అనే ఊళ్ళో 1545 నుంచి 1563 దాకా విడతలుగా పెద్ద సభ జరిపింది. 1563 డిసెంబరులో, సభ ముగింపులో, బొమ్మల మీద ఒక తీర్మానం చేసింది. బొమ్మలు ఉండాలి. అవి చదువురాని వాళ్ళకు కథ చెప్పాలి, భక్తిని కదిలించాలి, గందరగోళం చేయకూడదు. దాని సారం అంతే. ఆ తర్వాత సంవత్సరం దాటగానే, 1565 జనవరిలో, ఇక్కడ రక్కసి తంగడి దగ్గర (తళ్ళికోట యుద్ధం అన్నది దీన్నే) విజయనగర సైన్యం ఓడిపోయింది. ఆ తీర్మానం మోసుకొచ్చిన పాదిరీలు, ఆ ఓటమి నుంచి దక్షిణానికి జరిగిన రాజు కలిసిన చోటే చంద్రగిరి.

ఆ పాదిరీల సంఘం పద్ధతి తెలిస్తే బరోక్ ఎలా పనిచేస్తుందో తేలిగ్గా తెలుస్తుంది. జెస్యూట్ సంఘం 1540లో ఏర్పడింది. వ్యవస్థాపకుడు ఇగ్నేషియస్ లొయోలా ధ్యానానికి ఒక చేతిపుస్తకం రాశాడు. 1548లో అచ్చయింది. అందులో సాధన ఇలా ఉంటుంది. ఏసు కథలో ఒక ఘట్టం తీసుకో. ఆ చోటు మనసులో కట్టుకో. దారి ఎంత పొడవు, గుహ ఎంత ఎత్తు ఊహించు. మాటలు విను. వాసన చూడు. తాకు. అంటే కథలోకి నువ్వే నడిచి వెళ్ళు. మన ధ్యాన శ్లోకం దేవుడికి ఎన్ని చేతులు, ఏ చేతిలో ఏ ఆయుధం, ఏ రంగు వస్త్రం అని రూపం చెబుతుంది. ఈ సాధన రూపంతో ఆగదు, జరుగుతున్న ఘటనలో మనిషిని నిలబెడుతుంది. బరోక్ చిత్రకారుడు చేసింది కూడా అదే. రోమ్‌లో ఈ సంఘం 1568లో మొదలుపెట్టి 1584కి పూర్తిచేసిన జెసూ చర్చి చూడండి. లోపల ఒకే విశాలమైన హాలు. ఎక్కడ కూర్చున్నా పూజపీఠం కనిపించాలి, ఉపన్యాసం వినిపించాలి.

తేడా చూడటానికి మళ్ళీ కడరా భోజనం దగ్గరికే వెళ్దాం. లియొనార్డో వేసిన దాదాపు వందేళ్ళకు, 1592 నుంచి 1594 మధ్య, వెనిస్‌లో ముసలి టింటొరెట్టో అదే కథ వేశాడు. రాజధాని చంద్రగిరికి మారిన కాలం అది. ఇక్కడ బల్ల మనకు ఎదురుగా లేదు. ఏటవాలుగా చీకట్లోకి పోతోంది. వేలాడే దీపం మండుతోంది, దాని పొగలోనే దేవదూతలు తేలుతున్నారు. ఏసు బల్ల మధ్యలో ఎక్కడో లోపల చిన్నగా ఉన్నాడు. తల చుట్టూ వెలుగును బట్టి వెతుక్కోవాలి. ముందువైపు వంటవాళ్ళు గిన్నెలు సర్దుతున్నారు, ఒక పిల్లి బుట్టలోకి తొంగిచూస్తోంది. అక్కడ మేకు కొట్టి నిలిపిన కన్ను ఇక్కడ వెతుకుతూ తిరుగుతుంది. లెక్క పోలేదు, అదే పర్‌స్పెక్టివ్. మనల్ని నిలబెట్టడానికి వాడినదాన్ని లోపలికి లాగడానికి వాడాడు.

బరోక్ అసలు వెలుగు మాత్రం కరవాజియోది. పాదిరీలు చంద్రగిరిలో రాజుతో మాట్లాడుతున్న ఆ రోజుల్లోనే, 1599, 1600 సంవత్సరాల్లో, ఆయన రోమ్‌లో ‘మత్తయికి పిలుపు’ వేశాడు. చీకటి గది. బల్ల చుట్టూ సుంకం వసూలు చేసేవాళ్ళు డబ్బు లెక్కపెడుతున్నారు. అందరూ ఆనాటి రోమ్ వీధుల బట్టల్లోనే ఉన్నారు. కుడివైపు ఏసు వచ్చి చెయ్యి చాపాడు. ఆయన తల మీదుగా ఒక వెలుగు ఏటవాలుగా గోడ మీద పడింది. గదిలో కిటికీ ఉంది కానీ వెలుగు దాని గుండా రావడం లేదు. గడ్డం మనిషి వేలు చూపిస్తూ “నన్నేనా?” అన్నట్టు ఉన్నాడు. బల్ల చివర కుర్రాడు తల కూడా ఎత్తలేదు, నాణేలు లెక్కిస్తూనే ఉన్నాడు. వాడి దగ్గరికీ వెలుగు వచ్చింది, వాడు చూడలేదు. చాచిన ఏసు చెయ్యి, మైకెలాంజిలో సిస్టీన్ పైకప్పు మీద వేసిన ఆదాము చేతిని పోలి ఉంటుంది. పాత యుగం చేతిని కొత్త చీకట్లో పెట్టాడు.

ఈ చీకటి వెలుగుల పద్ధతికి కియరోస్కూరో (వెలుగు నీడల తేడాతో రూపం తేల్చడం) అని పేరు. చీకటి మరీ ముదిరితే టెనబ్రిజం (బొమ్మలో ఎక్కువ భాగం చీకటే ఉండటం) అంటారు. చిత్తూరు పల్లెల్లో ద్రౌపదమ్మ గుడి ముందు భారతం ఆడేటప్పుడు చూసినవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. కరెంటు రాని రోజుల్లో కాగడాలు, తర్వాత పెట్రోమాక్స్ లైట్లు. వేషగాడు ముందుకు వస్తే సగం ముఖం భగ్గుమంటుంది, కిరీటం అద్దాలు మెరుస్తాయి, వెనకంతా చీకటి. ఆ చీకట్లో ఇంకేముందో అన్న బెదురు చూసేవాడికి కలుగుతుంది. పగటి ఎండలో అదే వేషం అంత పని చేయదు. కరవాజియో చేసింది ఎండను తీసేసి కాగడా పెట్టడం.

శిల్పంలో చూసేవాణ్ణి ఇలా కదిలించే పని జాన్ లొరెంజో బెర్నీని చేశాడు. ఆయన కూడా దావీదును చెక్కాడు, 1623-24లో. మైకెలాంజిలో దావీదు యుద్ధానికి ముందు నిలబడి ఆలోచిస్తున్నాడు. బెర్నీని దావీదు ఒళ్ళు మెలితిప్పి, పెదవి బిగపట్టి, వడిసెల రాయి విసరబోతున్నాడు. ఎదుట అతని శత్రువు గొలియాతు శిల్పం లేదు. అతను చూస్తున్న వైపు మనం నిలబడి ఉన్నాం. గొలియాతు ఎక్కడో మన వెనకే ఉన్నాడని మెడ తిప్పి చూడబుద్ధేస్తుంది. యోగ నరసింహుడి ముందు నిలబడటానికీ, స్తంభం చీల్చుకుని వచ్చే నరసింహుడి ముందు నిలబడటానికీ ఉన్న తేడా లాంటిది ఇది. శాస్త్రమూ కాలమూ వేరు, మన మనసులో కలిగే అదురు మాత్రం దగ్గరిది. పద్దెనిమిది రోజుల భారతం చివర దుర్యోధన వధ నాడు నేల మీద పడుకోబెట్టిన పెద్ద మట్టి బొమ్మ చుట్టూ భీముడు, దుర్యోధనుడు తరుముకుంటారు, జనం వాళ్ళతోపాటు పరుగెత్తుతారు. చూడటానికి వచ్చినవాడు కథలో ఇరుక్కుపోతాడు. బెర్నీనికి కావలసింది ఆ ఇరుక్కోవడమే.

బరోక్ అన్న మాట పోర్చుగీసు వాళ్ళు వంకర ముత్యానికి వాడిన ‘బరోకో’ నుంచి వచ్చిందని ఎక్కువమంది చెబుతారు. ముందు అది తిట్టే. అతిగా ఉంది, కుదురు లేదు అన్న అర్థంలో తరువాతి విమర్శకులు వాడారు. కాలం గడిచాక అదే పేరు అయింది.

బరోక్ అంతా కాథలిక్ చర్చిదే అనుకోకూడదు. హాలండ్ ప్రొటెస్టెంట్ దేశం. చర్చిల్లో బొమ్మలు కొనేవాళ్ళు లేరు. వర్తకులు ఇళ్ళకు కొన్నారు. అందుకే అక్కడ దేవుళ్ళకన్నా మనుషుల ముఖాలు, వంటిళ్ళు, బల్ల మీద పళ్ళు ఎక్కువ. ఆ వర్తకంలో మన తీరానికీ భాగం ఉంది. వెంకటపతి రాయలే 1610లో డచ్చివాళ్ళకు పులికాట్‌లో వ్యాపారానికి అనుమతి ఇచ్చాడు. కోరమాండల్ అద్దకం బట్టలు అక్కడి నుంచి ఓడలెక్కాయి. ఆ దేశపు మహా చిత్రకారుడు రెంబ్రాంట్ 1642లో ‘రాత్రి గస్తీ’ వేశాడు. ఆయనే ముసలితనానికి దగ్గరపడ్డాక మొగలు చిత్రాలను ముందు పెట్టుకుని నకళ్ళు గీశాడు. ఇరవైకి పైగా మిగిలాయి. నీడల్లో అంతటివాడు మన వైపు సన్నని గీతను పట్టుకోవడానికి కలం కదిపాడు.

ఇక వెంకటపతి కొలువులోకి వచ్చిన ఇటలీ చిత్రకారుడు ఫొంతెబోనా సంగతి. అతని చేతిలో రెండు విద్యలున్నాయి. తాతల నాటి కిటికీ లెక్క ఒకటి. భక్తుణ్ణి కథలోకి లాగాలన్న తన సంఘం ఆజ్ఞ ఒకటి. రాజు కన్ను వేరే చోట పెరిగింది. గీతతో మొదలై గీతతో ముగిసే బొమ్మల మధ్య, పెద్దవాడు పెద్దగా కనిపించే పైకప్పుల కింద పెరిగింది. ఆయన పరాయి బొమ్మను ఇష్టపడ్డాడు, మతం మారలేదు. తిరుమల వెంకటేశ్వరుడి పేర నాణేలు వేయించినవాడు ఆయన.

తిరుమల మహాద్వారం దాటి లోపలికి అడుగుపెట్టగానే ప్రతిమా మండపం ఉంది. కుడివైపు కృష్ణదేవరాయలు, ఇద్దరు దేవేరులు రాగి విగ్రహాలుగా చేతులు జోడించి నిలబడి ఉంటారు. ఎవరు ఎవరో తెలియడానికి భుజాల మీద పేర్లు చెక్కారు. ఎడమవైపు అచ్యుత రాయలు, వరదాజమ్మ రాతిలో ఉన్నారు. అక్కడే చంద్రగిరి రాజు వెంకటపతి రాయలదని చెప్పే రాగి విగ్రహం ఉంది. ఇటలీ చిత్రకారుణ్ణి ఎదుట కూర్చోబెట్టుకున్న రాజు ఇక్కడ తన తాతల నాటి తీరులోనే ఉన్నాడు. ఒక పక్కకు ఒరగడు, ముఖం మీద నీడ పడదు, ఒంట్లో మెలిక లేదు. రెండు చేతులూ జోడించి లోపలికి చూస్తున్నాడు. క్యూలో వెళ్ళేటప్పుడు అక్కడ ఆగనివ్వరు. వెనకవాళ్ళు తోస్తుంటారు, గోవింద నామం చెవుల్లో పడుతుంటుంది. అటుగా పోతూ ఎడమ పక్కకు ఒక్కసారి తల తిప్పితే కనబడతాడు.